నాన్న అడిగిన రెండో ప్రశ్న

‘వేడి చేసిందిలే అమ్మా, బార్లీ నీళ్లు తాగితే అదే తగ్గుతుంది’ అన్నారు నాన్న. మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు. రెండు రోజుల్లో తగ్గింది. అందరం మర్చిపోయాం.

నాలుగు నెలల తర్వాత మళ్లీ కనిపిస్తే గుంటూరు తీసుకెళ్లాం. మూత్రాశయంలో గడ్డ ఉందన్నారు. లోపలికి గొట్టం పంపి తీసిన ముక్కను పరీక్షిస్తే, క్యాన్సర్ కండర పొరలోకి దిగిందని తేలింది. నాన్న నలభై ఏళ్లు సిగరెట్లు కాల్చారు. ఈ జబ్బుకు పెద్ద కారణం అదేనట.

కీమో అయ్యాక మూత్రాశయం మొత్తం తీసేయాలన్నారు హైదరాబాద్ డాక్టరుగారు. దానికి రెండు దారులు. ఒకటి, పొట్ట కోసి చేసే మామూలు ఆపరేషన్. రెండోది, చిన్న రంధ్రాల్లోంచి పరికరాలు పంపి రోబో సాయంతో చేసేది. ఖర్చులో తేడా లక్షల్లోనే.

‘అప్పు చేసైనా రోబోతోనే చేయిద్దాం అక్కా’ అని బెంగళూరు నుంచి తమ్ముడు రోజూ ఫోన్. ‘మనిషిని మిషన్ చేతిలో పెడతారా?’ అని అమ్మ. మిషన్ తనంతట తాను ఏమీ చేయదనీ, దాని చేతుల్ని ఆడించేది డాక్టరేననీ చెప్పినా ఆవిడకి నమ్మకం కుదరలేదు.

నాన్న మాత్రం డాక్టరుగార్ని సూటిగా అడిగారు. ‘జబ్బు మళ్లీ రాకుండా ఉండటంలో తేడా ఏమన్నా ఉందా?’

ఆయన కాగితం మీద రాసి చూపించారు. అమెరికాలో జరిగిన పరిశోధన ఫలితాలు 2018లో వచ్చాయి. రెండేళ్ల తర్వాత జబ్బు ముదరకుండా ఉన్నవాళ్లు రెండు పద్ధతుల్లోనూ వందకి 72 మందే. రోబోతో రక్తం తక్కువ పోయింది, ఆపరేషన్‌కి గంట ఎక్కువ పట్టింది. 2022లో వచ్చిన బ్రిటన్ పరిశోధనలో గాయం ఇబ్బంది పెట్టింది రోబో పద్ధతిలో వందకి ఆరుగురిని, కోత పద్ధతిలో 16 మందిని. మొదటి మూడు నెలల్లో ఆసుపత్రి బయట గడిపిన రోజులు మాత్రం 82, 80.

నాన్న కాసేపు ఆ కాగితం చూసి, ‘సరే, ఆ తర్వాత నేను మూత్రం ఎలా పోసుకోవాలి?’ అన్నారు.

గదిలో ఎవరం మాట్లాడలేదు. నెల రోజులుగా కోత గురించి కొట్టుకుంటున్నాం. ఈ మాట ఒక్కరికీ తట్టలేదు.

కొందరికి పేగుతోనే కొత్త సంచి కుట్టొచ్చట. నాన్నకి మాత్రం చిన్నపేగు ముక్కతో పొట్ట మీదకి దారి చేసి, బయట సంచి తగిలించడమే మంచిదన్నారు. అది జీవితాంతం ఉంటుంది. ఏ పద్ధతిలో చేసినా ఉంటుంది.

‘మీ చేతికి ఏది బాగా అలవాటు?’ అని చివరగా అడిగారు నాన్న.

‘కోసి చేసేదే. రోబో కావాలంటే అందులో చేయి తిరిగిన డాక్టరు దగ్గరికి పంపిస్తాను.’

‘అయితే మీరే చేయండి’ అన్నారు.

2023లో ఆపరేషన్ అయింది. ముందురోజు నర్సు నాన్నని కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగమని, పంచె ముడి తగలని చోట సంచి కోసం గుర్తు పెట్టింది. ఆ గుర్తు విలువ ఇంటికొచ్చాక గానీ తెలియలేదు.

కోత కింది భాగంలో చీము పట్టింది. మూడు వారాలు రోజూ కట్టు మార్చాం. రోబోతో చేయిస్తే ఈ బాధ ఉండేది కాదేమో అని ఎన్ని రాత్రులు అనుకున్నానో! తమ్ముడు మాత్రం ఒక్క మాటా అనలేదు. గాయం మానిపోయింది. సంచితో కుదురుకోవడానికే ఎక్కువకాలం పట్టింది. మొదట్లో గడప దాటేవారు కాదు. ఇప్పుడు బస్సెక్కి పెళ్లిళ్లకు వెళ్తున్నారు.

ఈమధ్య పక్కింటాయన వచ్చి, మూత్రం కాస్త ఎర్రగా వస్తోందనీ, వేడి చేసిందేమోననీ అన్నాడు.

‘బార్లీ నీళ్లు తర్వాత తాగొచ్చు. ముందు చెప్పులేసుకో, స్కానింగ్‌కి వెళ్దాం’ అంటూ నాన్నే లేచారు.