నహన్ని నది ఒడ్డున

నయాగరా చూడని మన కుటుంబాలు ఇక్కడ అరుదు. ఈసారి సెలవులకు మేము ఇంకా ఉత్తరానికి, కెనడా వాయవ్య ప్రాంతంలోని నహన్ని నదికి వెళ్ళాము. జలపాతం దాకా రోడ్డు లేదు. ఫోర్ట్ సింప్సన్ నుంచి నీటిమీద వాలే చిన్న విమానంలో పోవాలి.

దెనె ప్రజలు నైలిచో అనీ, పటాలు వర్జీనియా అనీ పిలిచే ఆ జలపాతం ఎత్తు 96 మీటర్లు. నయాగరాకు దాదాపు రెట్టింపు. నడుమ నిలువుబండ ఒకటి ధారను రెండుగా చీలుస్తుంది. దిగువన నిట్టనిలువు గోడల లోయలు. ఒకచోట లోతు వెయ్యి మీటర్లు దాటుతుంది. పాపికొండల మధ్య గోదావరిని చూసినవారికి కొంత ఊహకందుతుంది. ఇక్కడ కొండలకన్నా నదే పెద్దది. కొండలు మెల్లగా పైకి లేస్తుంటే, నది తన వంపులు వదలక రాతిని కోసుకుంటూ పోయింది. 1978లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది.

మమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకున్నది ఎగువన రాబిట్‌కెటిల్ దగ్గరి సున్నపు దిబ్బ. గోరువెచ్చని ఊటనీరు తెచ్చిన సున్నం పొరమీద పొర పేరుకుని, సుమారు పదివేల ఏళ్ళలో 27 మీటర్లు పెరిగింది. అంచులు గుడ్డుపెంకులా పెళుసు. అందుకే పార్కు ఉద్యోగి వెంట, పాదరక్షలు విడిచి ఎక్కాలి. విరిగిన ఎముక కొన్ని వారాల్లో అతుక్కుంటుందని రోగులకు చెప్పడం మాకు అలవాటు. ఇది విరిగితే అతికే వైద్యం లేదు. గుడిలో చెప్పులెందుకు విప్పాలని వాదించే మా పిల్లలు అక్కడ మారు మాట్లాడలేదు.

వెళ్ళదలచినవారికి జూలై, ఆగస్టు అనుకూలం. దోమల మందు మరవకండి.