మంచి కాలును ఆపమన్నారు

తేడా మొదట కనిపెట్టింది డాక్టరు కాదు, మా వీధి చివరి టైలరు. 2019 జూన్‌లో మావాణ్ణి స్కూలు యూనిఫాం కొలతలకి తీసుకెళ్తే, టేపు రెండుసార్లు పెట్టి చూసి, ‘‘అమ్మా, బాబుకి ఎడమకాలి వైపు కాస్త పొట్టి పెట్టమంటారా?’’ అన్నాడు. సరిగ్గా నిలబడలేదేమో అన్నాను. మూడోసారి చూసినా అంతే. సెంటీమీటరు పైచిలుకు తేడా.

ఆ రాత్రి నాకు నిద్రపడితే ఒట్టు. అంతకుముందు ఏడాది సంక్రాంతికి అమ్మమ్మగారి ఊళ్ళో ట్రాక్టరు ట్రాలీ మీంచి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు వాడు. అప్పటికి 12 ఏళ్ళు. ఎడమ తొడ ఎముక సరిగ్గా మోకాలి పైన విరిగింది. ఆపరేషన్ చేసి కట్టు కట్టారు. కొన్ని నెలలకల్లా మళ్ళీ క్రికెట్ బ్యాట్ పట్టాడు. ఆరునెలలకోసారి ఎక్స్‌రేకి రమ్మన్నారు డాక్టరుగారు. ఒక్కసారి వెళ్ళాం. ఆ తరవాత పరీక్షలూ పెళ్ళిళ్ళూ... చక్కగా పరిగెడుతున్నాడుగా అని ఊరుకున్నాం. తప్పు మాదే.

చెప్పుకుంటే సిగ్గుచేటు, నేను జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్ని. తల అడుగున బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఆజ్ఞ ఇస్తుంది, ఒళ్ళంతా ఎదుగుతుంది అని ఏళ్ళ తరబడి బోర్డు మీద బొమ్మ వేసి చెప్పినదాన్ని. అది సగం కథేనని డాక్టరుగారు రెండు మోకాళ్ళ ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టి చూపించినప్పుడు గానీ తలకెక్కలేదు.

పిల్లల పొడవాటి ఎముకల చివర్లలో మృదులాస్థి పొర ఒకటి ఉంటుంది. గ్రోత్ ప్లేట్ అంటారు. అందులో కణాలు నాణేల దొంతరల్లా వరసకట్టి, ఉబ్బి, చివరికి ఎముకకి చోటిస్తాయి. ఎముక పొడవయ్యేది అలాగే. ఎక్స్‌రేలో ఆ పొర నల్లటి గీతలా కనబడుతుంది. మావాడి కుడి మోకాలి పైన ఆ గీత స్పష్టంగా ఉంది. ఎడమవైపు లేదు. విరుగు ఆ పొరలోంచే పోయింది, అతుక్కునేటప్పుడు పొరంతా గట్టిపడి ఎముకైపోయింది.

డాక్టరుగారు కాగితం తీసుకుని లెక్క వేశారు. మోకాలి పైనున్న ఆ ఒక్క ప్లేటే కాలికి ఏడాదికి సుమారు 9 మిల్లీమీటర్ల పొడవు ఇస్తుంది. మగపిల్లల్లో అది పనిచేసేది ఇంచుమించు 16 ఏళ్ళ దాకా. అంటే ఇంకో మూడేళ్ళు. ‘‘ఇప్పుడున్న 12 మిల్లీమీటర్లకి 27 కలపండి మేడమ్.’’ దాదాపు నాలుగు సెంటీమీటర్లు. కుంటు ఖాయం.

దారులు రెండన్నారు. పొట్టికాలి ఎముకని కోసి, చుట్టూ రింగులు బిగించి, రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున సాగదీయడం. నెలల తరబడి రింగులతోనే ఉండాలి. లేదంటే, మంచికాలి గ్రోత్ ప్లేటుని కూడా ఇప్పుడే మూసేయడం. చిన్న ఆపరేషన్. ఉన్న తేడా ఉన్నచోటే ఆగిపోతుంది.

‘‘పాడైన కాలు వదిలేసి బాగున్న కాలు పాడుచేస్తారా? ఎవరమ్మా ఆ డాక్టరు?’’ అని మా అత్తయ్య గొడవ. నిజానికి నా మనసులో మాటా అదే. మావారు మాత్రం ఏమీ అనలేదు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని తిరిగారు వారం రోజులు.

నన్ను తొలిచింది ఇంకొకటి. తోడుకాలు ఆగిపోయిందని ఈ కాలికి తెలియదా? ఒకే రక్తం, ఒకే హార్మోన్లు. పాత పుస్తకాలు తీశాను. 1920ల్లో అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో రాస్ హారిసన్ అనే ఆయన సాలమాండర్లతో ప్రయోగాలు చేశాడు. కప్పకి తోకుంటే ఎలా ఉంటుందో, ఇంచుమించు అలాంటి జీవులు. పెద్ద జాతి పిల్లకి మొలకెత్తే కాలుని తీసి చిన్న జాతి పిల్లకి అతికించాడు. బుల్లి ఒంటికి పెద్ద కాలే పెరిగింది. ఎంత ఎదగాలన్న లెక్క చాలావరకు ఆ కాలిలోనే ఉందన్నమాట. హార్మోను ‘ఎదుగు’ అంటుంది, ఎక్కడిదాకా అన్నది కాలే చూసుకుంటుంది. మన రెండు కాళ్ళు సమానంగా ఉండటం ఒకదాన్ని చూసి ఒకటి ఎదగడం వల్ల కాదు, విడివిడిగా ఒకే లెక్క చేయడం వల్ల.

అయితే పండ్ల మీద ముసిరే ఈగలది వేరే పద్ధతి. పురుగు దశలో రెక్కగా మారాల్సిన కణజాలం దెబ్బతింటే, అది డిల్ప్8 అనే ఒక ప్రోటీన్‌ని వదులుతుంది. ఆ కబురు మెదడుకి చేరి, పురుగు ఈగగా మారడమే వాయిదా పడుతుంది. మిగతా భాగాలూ నెమ్మదిస్తాయి. 2012లో బయటపడ్డ సంగతి ఇది. చదివి ఏడుపొచ్చింది నాకు. అరటిపండు మీద వాలే ఈగకి ఉన్న పాటి ఏర్పాటు నా బిడ్డ కాళ్ళకి లేకపోయింది. కుడికాలు ఆగదు. ఎవరో ఒకరు ఆపాలి.

మావాణ్ణే అడిగాం. ‘‘ఎంత పొట్టవుతాను?’’ అన్నాడు. మూడు సెంటీమీటర్లలోపు అని చెబితే, స్కేలు మీద చూసుకుని, ‘‘ఇంతేనా, రింగులొద్దు’’ అన్నాడు. ఆ దసరా సెలవుల్లో చేయించాం. మోకాలికి అటూ ఇటూ రెండు చిన్న గాట్లు. సంతకం మావారు పెట్టారు. నా చెయ్యి వణికింది.

2022లో ఇంటర్ యూనిఫాంకి మళ్ళీ అదే టైలరు. టేపు పెట్టాడు, నేను ఊపిరి బిగబట్టాను. 13 మిల్లీమీటర్లు. ఎడమ బూటులో అట్ట వేసుకుంటాడని చెబితే, ‘‘అయితే రెండు వైపులా ఒకటే పెడతానమ్మా’’ అన్నాడు. మావాడు వాళ్ళ నాన్న కంటే ఒక వేలు పొట్టి. ఎప్పుడన్నా ఆయన పక్కన నిలబెట్టి ఏడిపిస్తే, ‘‘ఆ 27 మిల్లీమీటర్లు మీరు సంతకం పెట్టి తీసేసుకున్నారుగా నాన్నా’’ అంటాడు.