కొలబద్ద

తరగతిలో వెనుకబడిన బాలుని చూచి మొద్దనుట సులభము. అతడేల వెనుకబడెనో కనుగొనుట కష్టము. ఆ కష్టమునకు పూనుకొన్నవారిలో ఫ్రాన్సు దేశీయుడైన ఆల్ఫ్రెడ్ బినే ముఖ్యుడు. 1904లో అచటి ప్రభుత్వము, సాధారణ బోధన నందుకొనలేని పిల్లల విషయమై యొక సంఘమును నియమించెను. అందలి సభ్యుడైన బినే, సిమోన్ అను వైద్యునితో కూడి, మరుసటి యేడు 30 చిన్న పరీక్షలతో ఒక కొలబద్దను కూర్చెను. కదలు వెలుగును కన్నులతో వెంబడించుట, విన్న అంకెలను తిరిగి చెప్పుట అందలివే. అది బాలునిపై ముద్ర వేయుటకు గాదు. తగిన బోధన నందించుటకు. బుద్ధి మారనిదనువారి మాటను బినే 1909లో ఖండించెను. సాధనచే నది పెరుగునని యాతని విశ్వాసము.

మన దేశమున 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము, చదువుట, వ్రాయుట, లెక్కించుటలలో కొందరికి గలుగు ప్రత్యేకమైన ఇబ్బందిని గూడ గుర్తించినది. ఐదేండ్లకొకమారు బడిపిల్లలను పరిశీలించి వారి అవసరములను తెలిసికొనవలెనని శాసించినది. శాసనము కాగితముపై నున్న చాలదు. పరీక్షించు నిపుణుడు పల్లెబడి గడప త్రొక్కవలెను.

బాలలారా! మీ ప్రక్కనున్నవాడు తడబడి చదివినచో నవ్వకుడు. కన్ను పరీక్షింపక కండ్లద్దము లియ్యరు. బాలుని ఇబ్బంది నెరుగక అతనిని నిందించుటయు తగదు.