కాశీ దారిలో రాత్రి మజిలీ ఎక్కడ?

సికింద్రాబాద్ నుంచి ఉత్తరానికి పోయే పెద్ద రోడ్డు బోయినపల్లి, సుచిత్ర, కొంపల్లి, మేడ్చల్ మీదుగా నగరాన్ని విడుస్తుంది. ఇది శ్రీనగర్‌ను కన్యాకుమారితో కలిపే 44వ నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మార్చకముందు వారణాసి దాకా సాగే 7వ నంబరు రోడ్డులో భాగం. మాఘస్నానానికి ప్రయాగ, ఆపైన కాశీ, గయ చూసిరావాలనుకునే కుటుంబాలు చలికాలంలో టెంపో ట్రావెలర్లలో గ్యాస్ స్టవ్వు, బియ్యం, దుప్పట్లు వేసుకుని బయలుదేరేది ఈ దారినే. ఇప్పుడు పడకలు, వంటగది, టాయిలెట్ ఉన్న క్యారవాన్లూ అద్దెకు దొరుకుతున్నాయి. ఇల్లే వెంట వస్తుంటే ఆగే చోటుతో పనేముందన్న ధీమా వాటితోనే వస్తోంది. ఈ రోడ్డును పొడవునా పరిశీలిస్తే ఆ ధీమా నిలవదు. చలికాలపు దూరప్రయాణంలో క్షేమం బండి కంటే మజిలీ మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య హైదరాబాద్, నిర్మల్, నాగపూర్ మీదుగా ఇంచుమించు ఇదే దిక్కున వెళ్లారు. డేరాలు, బోయీలు, పెద్ద పరివారం వెంట ఉన్నా, దిగడానికి వసతి ఉందా, నీళ్లు మంచివేనా, సరుకులు దొరుకుతాయా అని ఆయన మజిలీ మజిలీకీ రాసిపెట్టారు. ఎంత మోసుకెళ్లినా సాయంత్రానికి నీళ్లు అయిపోతాయి, మనుషులు అలసిపోతారు. ఆనాటి బాట ఊరి నుంచి ఊరికి సాగేది కనుక ఆగే చోటు బాటలోనే తగిలేది. నేటి నాలుగు వరసల రోడ్డు కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్ పట్టణాలను బైపాస్‌లతో తప్పించుకు పోతోంది. వేగం పెరిగింది, పట్టణాల్లో రద్దీ తగ్గింది. దాంతోపాటే రాత్రివేళ వెలుతురు, లాడ్జి, మందుల షాపు రోడ్డుకు ఎడమయ్యాయి. ఆ లోటును పెట్రోలు బంకులు, దాబాలు తమకు చేతనైనంతలో తీరుస్తున్నాయి.

ఆర్మూరు దాటి సోన్ దగ్గర గోదావరి వంతెన ఎక్కాక ఈ లోటు ప్రాణాల మీదికి వస్తుంది. నిర్మల్ తర్వాత నేరడిగొండ, గుడిహత్నూర్ మీదుగా అడవి దారి. డిసెంబరు, జనవరిల్లో ఆదిలాబాద్ వైపు ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందకు పడిపోవడం మామూలే. తెల్లవారుజామున పొగమంచు కమ్ముతుంది. నిద్ర ఆపుకోలేని లారీ డ్రైవర్ రోడ్డు వారగా బండి నిలిపి క్యాబిన్‌లోనే పడుకుంటాడు. వెనక వచ్చే కారుకు ఆ లారీ మంచులో దగ్గరికొచ్చేదాకా కనిపించదు. డ్రైవర్లు రాత్రి ఆగాల్సిన చోట విశ్రాంతి గదులు యజమానే ఏర్పాటు చేయాలని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. అయితే అది ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించింది. ఒకటి రెండు లారీల చిన్న యజమానులు దాని పరిధిలోకే రాలేదు. చట్టం చేరని ఆ చోటికి రోడ్డు వేసినవాళ్లే చేరాలి.

నాగపూర్ ఒక్క పగటిలో చేరిపోయే దూరమే కదా, మధ్యలో మజిలీ ఎందుకని అడగవచ్చు. కారుకు సరే, బరువుతో నడిచే లారీకి, ముసలివాళ్లూ పిల్లలూ ఉన్న వ్యానుకు ఆ లెక్క కుదరదు. కుదిరినా, లఖ్నాదోన్ దగ్గర జబల్‌పూర్ వైపు చీలాక ఇంకా చాలా దూరం మిగిలే ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో మహాకుంభమేళా రద్దీకి జబల్‌పూర్, కట్నీ, రీవా దారిలో వాహనాలు గంటల తరబడి నిలిచిపోయినప్పుడు వేగానికి విలువ లేకుండా పోయింది. క్యారవాన్‌కు అన్నీ లోపలే ఉన్నాయి కదా అన్నది రెండో మాట. దాని ట్యాంకులో నీళ్లు నింపాలి, మురుగు ఎక్కడో ఖాళీ చేయాలి, బ్యాటరీకి కరెంటు కావాలి. కేరళ 2021లో ప్రకటించిన విధానంలో క్యారవాన్లతో పాటు వాటిని నిలిపే పార్కులనూ చేర్చింది అందుకే. ఇక ఖర్చు మాట. నాగపూర్, సివనీ మధ్య పెంచ్ అడవిలో జంతువులు కిందుగా దాటిపోవడానికి ఇదే రోడ్డును స్తంభాల మీదికి ఎత్తారు. అందులో ఒక భాగం 750 మీటర్ల పొడవు. అది మంచి ఖర్చు. పులికి దారి వదలడానికి సొమ్ము దొరికిన రోడ్డు మీద డ్రైవర్ కునుకు తీయడానికి దొరకదనడం కుదరదు.

జాతీయ రహదారుల సంస్థ ప్రతి 40 నుంచి 60 కిలోమీటర్లకు ఒక వసతి కేంద్రం కట్టాలన్న పథకం పెట్టుకుంది. వాటిలో మొదటి వంతు చలి, మంచు, అడవి కలిసే నిర్మల్–పెన్‌గంగ నది మధ్య భాగానికి రావాలి. క్యారవాన్‌కూ లారీకీ ఒకే గేటు ఉండాలి. అప్పటిదాకా ఈ శీతాకాలం కాశీకి బయలుదేరేవాళ్లు రాత్రి ఎక్కడ ఆగాలో ముందే రాసిపెట్టుకోండి. చీకటి పడేలోగా పట్టణంలోకి మళ్లండి. రోడ్డు వారన మాత్రం బండి నిలిపి పడుకోకండి.