వలలో పడ్డ వకీటా

మెక్సికో ఒడ్డున, కాలిఫోర్నియా సింధుశాఖలో వకీటా అనే జీవి ఉంది. డాల్ఫిన్ల చుట్టం. ఐదడుగులు దాటదు, కళ్లచుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి వలయాలు. దాన్ని పట్టాలని ఎవరూ వల వెయ్యరు. టొటోఆబా చేపకో రొయ్యలకో వేసిన గిల్‌నెట్‌లో చిక్కుకుని, ఊపిరికి పైకి రాలేక చచ్చిపోతోంది. ఇప్పుడు మిగిలినవి ఓ పది, అటూఇటూగా.

ఇలాంటి జీవుల్ని బలిచేసి పట్టిన సరుకు రానివ్వకూడదని అమెరికా 1972లోనే చట్టం రాసుకుంది. దాని అమలుకు నిబంధనలు వచ్చింది 2016లో! ఆ వలల రొయ్యల్ని ఆపమని 2018లో కోర్టు చెప్పాల్సొచ్చింది.

ఇదంతా వ్యాపార రాజకీయం అంటారు మనవాళ్లు. కొంత నిజమే కావచ్చు. కానీ గస్తీ పడవలకు లొంగని వల, కొనేవాడు వద్దంటే లొంగుతుందేమో. మన సముద్రపు రొయ్యకి కూడా అమెరికాలో, వలల్లో చిక్కే తాబేళ్ల పేరు మీద తలుపు మూశారు. చెరువు రొయ్యకి ఆ బాధ లేదు కాబట్టి భీమవరంలో ఎవరికీ పట్టలేదు.