గోరంత సిపాయిలు

దసరా ఇంకా పన్నెండు రోజులుందనగా మా మనవడు 240 మంది సైనికులను తెచ్చి నా ముందు బల్లమీద పోశాడు. అందరూ లోహపు బొమ్మలే. ఒక్కొక్కడు బొటనవ్రేలి గోరంత ఎత్తు. తుపాకి, తోలుసంచి, నడికట్టు అన్నీ ఉన్నాయి. రంగు మాత్రం లేదు.

"మైసూరు యుద్ధం తాతా! 1791 సంవత్సరం. పండుగనాడు స్నేహితులు వస్తారు. అప్పటికి రంగులు వేసెయ్యాలి" అన్నాడు.

ఇదేం పిల్లచేష్ట అనుకునేరు. హెచ్. జి. వెల్స్ అంతటి రచయిత బొమ్మ సైనికులతో యుద్ధమాడడానికి నియమాలు వ్రాసి 1913లో "లిటిల్ వార్స్" అనే పుస్తకంగా వేశాడు. ఈనాటివారు బల్లమీద కొండలూ కోటలూ అమర్చి, కొలబద్దతో నడక కొలిచి, పాచికలు వేసి గెలుపోటములు తేల్చుకుంటారు.

మొదటి సాయంకాలం భూతద్దం పెట్టుకుని కూర్చున్నాను. గుండీలు దిద్దాను, కనుబొమలు దిద్దాను. దీపాలు పెట్టేవేళకు ముగ్గురు తయారయ్యారు. కళ్ళు దిద్దిన పాపానికి ముగ్గురూ దయ్యాన్ని చూసినట్టు గుడ్లు మిటకరించారు!

మా ఆవిడ లెక్క కట్టింది. "రోజుకు ముగ్గురైతే ఎనభై రోజులు. మీ యుద్ధం సంక్రాంతికే. పెళ్ళిపంక్తిలో వడ్డించేవాడు ఒక విస్తరి పూర్తిచేసి రెండో విస్తరికి పోతాడుటండీ? ఉప్పు పట్టినవాడు ఉప్పుతోనే పంక్తి చివరిదాకా పోడూ?"

ముప్పై ఏళ్ళు కార్ఖానాలో పనిచేసిన నాకు ఆ మాత్రం తోచలేదు! మర్నాటినుంచి పద్ధతి మార్చాం. పాత స్కేళ్ళమీద పదేసి మందిని జిగురుతో నిలబెట్టాం. అందరికీ ముందు నల్లపూత. ఆరాక కుంఫిణీవారందరికీ ఎర్రకోట్లు. తరువాత తెల్ల చల్లడాలు, ఆపైన తుపాకులకు ఊదారంగు. ఒక రంగు మూత తీస్తే వరుసంతా పూర్తయ్యేదాకా ఇంకో రంగు ముట్టరాదు. మూరెడు దూరంనుంచి కనబడనిది వెయ్యనక్కరలేదు. చివర చారునీళ్ళలా పలుచగా కలిపిన ముదురు రంగు పోస్తే అదే మడతల్లోకి జారి నీడలవుతుంది. ఒక్క పూటకు ముప్పైమంది లేచారు.

నీడనీళ్ళు పోసేముందు మొగాలు మిగిలాయి. మనవడు గులాబిరంగు సీసా తీసి ఎర్రకోటు ప్రతివాడికీ పులమడం మొదలుపెట్టాడు.

"ఆగు నాయనా. టోపీవాడికి వెయ్యి. తలపాగావాడికి వెయ్యకు."

"ఇంగ్లీషువాళ్ళే కదా తాతా?"

కాదని చెప్పాను. కార్న్‌వాలిస్ సేనలో తెల్లవారికంటె మనదేశపువారే ఎక్కువ. మద్రాసు పటాలాల్లో తెలుగువారు, తమిళులు, ముసల్మానులు అందరూ ఉండేవారు. ఉత్తరాదిని కుంఫిణీ సిపాయికి "తిలంగా" అనే పేరు వచ్చిందే మన తెలుగుదేశం మూలాన. వాళ్ళే 1791 జూలైలో మన హోసూరు కోటలోకి, ఆ వెనుక రాయకోటలోకి అడుగుపెట్టినది. నవంబరులో కృష్ణగిరి కొండమీది కోటను పట్టబోయి, పేటను తీసుకున్నా పైకోట ఎక్కలేక మరలినదీ వాళ్ళే. మరుసటి సంవత్సరం సంధిలో బారామహల్ కుంఫిణీపరమయింది.

వాడి కుంచె ఆగింది. "మరి మనవాళ్ళు ఎవరు తాతా? ఎర్రకోటువాళ్ళా, పులిచారలవాళ్ళా?"

నాకు చప్పున సమాధానం రాలేదు. జూజువాడి పొలిమేర దాటితే కర్ణాటకం. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, బడిలో తమిళం. మనవాళ్ళెవరని ఎవరైనా అడిగితే నాకు చిన్నప్పటినుంచీ తడబాటే. కోటలో నిలిచినవాడూ మనవాడే. కూలిడబ్బులకు కోటు తొడిగి కోటమీదికి వచ్చినవాడూ మనవాడే. ఇరువురి గుర్రాలూ మేసిన చేను మాత్రం తప్పకుండా మనవాడిది.

"అందరి మొగాలకూ ఇది వెయ్యి" అని చామనఛాయ సీసా చేతికిచ్చాను. వాడు మొదట గులాబి పులిమిన పన్నెండుమందినీ అడగకుండానే తిరిగి దిద్దాడు. తరువాత ఎడ్లవంతు. కార్న్‌వాలిస్ సేనకు ధాన్యం మోసిన బంజారాల ఎడ్లు ఆరు వచ్చాయి పొట్లంలో. వాటిని తోలేవాడికీ అదే రంగు.

పండుగనాడు ఆరుగురు పిల్లలు బల్లచుట్టూ చేరారు. అట్టపెట్టె కృష్ణగిరిని సాయంకాలందాకా ముట్టడించారు. పాచికలు చరిత్రనే అనుసరించాయి, పైకోట పడలేదు. వెళ్ళేముందు ఒక కుర్రవాడు తలపాగా సిపాయిని అరచేతిలో పెట్టుకుని, "వీడెవరు, నల్లగా ఉన్నాడు?" అన్నాడు.

"తిలంగా. మావాడు" అన్నాడు మా మనవడు. అని, పులిచారలవాణ్ణి కూడా తీసి వాడి పక్కనే పెట్టాడు. "వీడూను."

రాత్రి రంగులు సర్దుతూ చూశాను. ఎరుపు సగానికి సగం మిగిలింది. గులాబి మూత తీసినట్టే లేదు. చామనఛాయ సీసా మాత్రం అడుగంటింది.