బీడు ఇనుముకు అతుకు

బీడు ఇనుము వంగదు, విరుగుతుంది. ఉక్కు అయితే దెబ్బ తగిలినప్పుడు కాస్త సాగి, కాస్త వంగి, ఏదో జరిగిందని ముందుగా చెబుతుంది. బీడుకు ఆ మర్యాద లేదు. అందులో కార్బన్ 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. ఆ కార్బన్‌లో ఎక్కువ భాగం, పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైట్ రూపంలోనే, సన్నటి రేకులుగా లోహమంతా పరుచుకుని ఉంటుంది. పైనుంచి ఎంత బరువు పెట్టినా మోస్తుంది. యంత్రం అదురును మింగేస్తుంది. పక్కనుంచి గట్టి దెబ్బ పడితే మాత్రం ఆ రేకుల వెంబడే పగులుతుంది. యంత్రాల కాళ్లూ పీఠాలూ బీడుతో పోసేది మొదటి గుణం చూసి. ఆ యంత్రాన్ని లారీలో వేసి ఘాట్ రోడ్డు ఎక్కించినప్పుడు బయటపడేది రెండోది.

నిరుడు మే నెలలో దోర్నపాల్‌లో మాకు బయటపడింది అదే. రాజమండ్రి దగ్గర మూతపడిన ఓ చిన్న నూనె మిల్లు నుంచి పాత ఎక్స్‌పెల్లర్ కొన్నాం. గింజలను ఒత్తి నూనె పిండే ప్రెస్ అది. మారేడుమిల్లి ఘాట్ మలుపులన్నీ తిరిగి, చింతూరు, కుంట దాటి మా ఊళ్లో లారీ ఆగేసరికి గేరు వైపు కాలు అడ్డంగా పగిలి ఉంది. గింజలు పోసే తొట్టి సొట్టపోయింది. బిగింపు చక్రం రెండు ముక్కలైంది. సొట్టకు సుత్తి చాలు. చక్రం లేకపోయినా పైపు రెంచితో పని జరుపుకోవచ్చు. కాలి సంగతి అలా కాదు. గేర్లు, షాఫ్టు, బేరింగు అన్నీ దాని మీదే నిలబడాలి.

ఎక్స్‌పెల్లర్ అనేది నిజానికి ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో వలేరియస్ అండర్సన్ అనే ఆయన 1900లో ఈ యంత్రానికి పేటెంటు తీసుకుని ఆ పేరుతో అమ్మాడు. ఇవాళ లూధియానాలోనూ రాజ్‌కోట్‌లోనూ తయారయ్యేవన్నీ దాని వారసులే. పాతవి చవగ్గా దొరకడానికి మాత్రం మరో కథ ఉంది. 1994లో కేంద్రం పామోలిన్ దిగుమతిని సరళం చేసింది. చవక నూనె ఓడల్లో దిగడం మొదలయ్యాక, ఊళ్లలో వేరుశనగ, నువ్వులు ఆడే చిన్న మిల్లులు ఎన్నో నిలదొక్కుకోలేకపోయాయి. వాటి షెడ్లలో తుప్పుపడుతున్న యంత్రాలే మాలాంటి వాళ్లకు దొరుకుతున్నాయి.

మాలాంటి వాళ్లంటే ఎవరో చెప్పాలి. దోర్నపాల్ పేరు చాలామందికి వార్తల్లోనే తెలుసు. భద్రాచలం, కుంట మీదుగా జగ్దల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీద, కుంటకూ సుక్మాకూ మధ్య ఉంటుంది మా ఊరు. తూర్పున శబరి, దాని అవతల ఒడిశా. సంతలో ఓ గంట నిలబడితే కోయ, దోర్ల, హల్బీ, హిందీ, తెలుగు అన్నీ వినిపిస్తాయి. బేరం హిందీలో మొదలైనా కోపం వచ్చేసరికి ఎవరి భాషలోకి వాళ్లు వెళ్లిపోతారు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక లోపలి ఊళ్లవాళ్లను తెచ్చి రోడ్డు పక్కన పెట్టిన శిబిరాల్లో ఇక్కడిది పెద్దవాటిలో ఒకటి. ఇక్కడికి రానివాళ్లలో చాలామంది అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వెళ్లిపోయారు. గిరిజన యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా శిబిరం ఒక్కరోజులో ఖాళీ కాలేదు. కొందరికి ఇదే ఊరైపోయింది.

శిబిరానికి వచ్చినవాళ్లు వెంట తెచ్చుకోలేనివి ఇప్పచెట్లు. బస్తర్‌లో ఏ ఇప్పచెట్టు ఏ ఇంటిదో ఊళ్లో అందరికీ తెలుసు. కాగితం మీద ఉండదు, అంతే. మార్చి, ఏప్రిల్ నెలల్లో పువ్వు ఏరుతారు. ఆ తర్వాత, వానలు పడే వేళకు గింజ. గింజను ఇక్కడ టోరా అంటారు. పప్పు బరువులో మూడో వంతు నుంచి దాదాపు సగం దాకా నూనే. వంటకూ, దీపానికీ, ఒంటికి రాసుకోవడానికీ అదే. చలికాలంలో నెయ్యిలా పేరుకుంటుంది. పూర్వం గింజల్ని దంచి, ఆవిరి పట్టి, బుట్టలో వేసి రెండు బరువైన దుంగల మధ్య పెట్టి నొక్కేవారు. ఆ దుంగలు కూడా పాత ఊళ్లలోనే ఉండిపోయాయి. అలా ఏళ్ల తరబడి గింజలు సంతలో వ్యాపారికి అమ్మి, ప్యాకెట్ నూనె కొనుక్కున్నారు. అమ్మిన ధరకూ కొన్న ధరకూ మధ్య తేడా ఎక్కడికి పోతోందో మా ఊరి మహిళా సంఘం వాళ్లకు ఎవరూ లెక్క చెప్పనక్కర్లేదు. మా నాన్న కాలం నుంచి ఇక్కడ కిరాణా కొట్టు నడుపుతున్న వాణ్ని కాబట్టి ఆ ప్యాకెట్లు అమ్మింది నేనే. "ఆంధ్రా వైపు నీకు తెలిసినవాళ్లున్నారు కదన్నా, ఒక మిషను చూడు" అని సంఘం అక్కలు అడిగింది అందుకే.

యంత్రం చూడటం, బేరం, లారీ మాట్లాడటం నా వంతు. డబ్బు వాళ్లది. పగిలిన కాలు చూసి వాళ్లెవరూ ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండేదనిపించింది. లారీ రసీదు తిరగేస్తే 'సరుకు యజమాని బాధ్యతపై' అని చిన్న అక్షరాల్లో ఉంది. ఆ ముద్ర చూసి చాలామంది అక్కడితో ఆగిపోతారు. కానీ 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ఉంది. సరుకు విలువ విడిగా రాయించకపోతే, కిరాయికి పది రెట్ల దాకా రవాణాదారు బాధ్యత ఉంటుంది. బుక్ చేసిన 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇచ్చాం. కానీ నోటీసుతో నూనె రాదు. టోరా రావడానికి నెల కూడా లేదు. వానలు ముదిరితే శబరి, గోదావరి పొంగి కుంట దగ్గర హైవే మునుగుతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు కింద నుంచి ఏ సరుకూ పైకి రాలేదు. ఏం తెచ్చుకోవాలన్నా జూన్ లోపలే తెచ్చుకోవాలి.

కొత్త కాలు పోయించమని కొందరన్నారు. ఆ మోడల్ విడిభాగాలు ఇప్పుడు రావు. విరిగిన ముక్కల్నే నమూనాగా పెట్టి ఫౌండ్రీలో పోయిద్దామంటే బీడు చల్లారేటప్పుడు సుమారు ఒక శాతం కుంచించుకుపోతుంది. కొత్త కాలు పాతదానికన్నా పొట్టిదవుతుంది. సరిగ్గా పోయాలంటే కొలతలు పెంచి చెక్క నమూనా చేయించాలి, పోసి, చల్లార్చి, లేతు మీద చెక్కించాలి. అన్నీ కలిసి వచ్చేసరికి సీజను అయిపోతుంది.

ట్రాక్టర్ ట్రాలీలు అతికే కుర్ర వెల్డరు ఒకడు ఉత్సాహంగా ముందుకొచ్చాడు. మామూలు రాడ్డుతో గంటలో కొట్టేస్తానన్నాడు. అది వినగానే, మేమంతా మామ అని పిలిచే పాత మేస్త్రి నవ్వాడు. ఆయన ఒకప్పుడు చత్తీస్‌గఢ్‌లోనూ ఆంధ్రాలోనూ బోరు లారీల మీద పనిచేసినవాడు. "అతుకు అతుక్కుంటుంది అల్లుడూ. దాని పక్కన పగులుతుంది" అన్నాడు. కారణం ఆ కార్బనే. మామూలు ఉక్కు రాడ్డు కరిగినప్పుడు బీడులోని కార్బన్‌ను పీల్చుకుని గాజులా గట్టిపడుతుంది. చల్లారుతూ లాగే లాగుడుకు పెళుసుబారిన అంచు తెగిపోతుంది. నికెల్ రాడ్డు అయితే కార్బన్ కలిసినా మెత్తగానే ఉంటుంది. లాగితే కొంచెం సాగుతుంది. ధర మాత్రం కిలోల్లో కాదు, రాడ్లు లెక్కపెట్టుకుని కొనాల్సినంత. జగ్దల్‌పూర్ నుంచి పన్నెండు తెప్పించాం.

వాటిని తెచ్చిన కుర్రాణ్ని దారిలో ఓ తనిఖీ దగ్గర ఆపారు. రాడ్లెందుకంటే ప్రెస్సుకన్నాడు. ఏం ప్రెస్సు, పేపర్ అచ్చేసేదా, తూటాల్లో మందు కూరేదా అని ప్రశ్న. నవ్వొచ్చే మాటే కానీ ఇక్కడ ఎవరూ నవ్వరు. ఈ అడవుల్లో మావోయిస్టులు ఆయుధాలు చేసుకునే చోట్ల లేతు మిషన్లు దొరికిన సందర్భాలున్నాయి. ఇనుము అతికేవాడికి, కోసేవాడికి ఈ ప్రాంతంలో అనుమానం మామూలే. ఫోన్లో పగిలిన కాలి ఫోటో చూపిస్తే గానీ వదల్లేదు. గ్యాస్ సిలిండర్లు తెచ్చి ఇత్తడితో అతికే ఆలోచన కూడా మాకుండేది. ఆ రోజుతో దాన్ని మానుకున్నాం.

ఇక అసలు పని. పగులు ఎక్కడి దాకా పోయిందో కంటికి కనిపించదు. దానికి పాత ఉపాయం కిరసనాయిలు, సుద్ద. కిరసనాయిలు ఇప్పుడు దొరకడం గగనం కాబట్టి డీజిల్ పూశాం. కాసేపు ఆగి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి రాశాం. పగుల్లోకి దిగిన డీజిల్ మెల్లగా పైకి ఊరి తెల్లటి సుద్ద మీద సన్నటి గీత గీస్తుంది. మేం చూసిన పగులు జానెడు. సుద్ద చూపింది మరో రెండంగుళాలు. గీత ఆగినచోట మేస్త్రి మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేశాడు. పగులు మొన వాడిగా ఉన్నంతసేపూ ముందుకు పోతూనే ఉంటుంది. గుండ్రటి రంధ్రంలో పడితే ఆగుతుంది.

తర్వాత పగులు వెంబడి గ్రైండరుతో కాలవ తీశారు. అప్పుడు తెలిసింది అసలు చిక్కు. ఎన్నో ఏళ్లు నూనె మిల్లులో ఉన్న బీడు అది. ఆ గ్రాఫైట్ సందుల్లో నూనె ఇంకిపోయి ఉంది. అలాగే అతికితే లోహం బుడగలుబుడగలుగా పొంగుతుంది తప్ప పట్టదు. కాలిని విడదీసి, చుట్టూ బొగ్గులు పేర్చి కాల్చాం. లోపల్నుంచి నూనె చెమటలా ఊరి, పొగై పోయింది. వేరుశనగ నూనె మాడిన వాసన. శిబిరం నాటి ఇళ్ల నుంచి పిల్లలు ఏం వండుతున్నారో అనుకుని వచ్చారు. పొగ ఆగేదాకా అదే పని. చల్లారాక మళ్లీ గ్రైండరు, మళ్లీ నిప్పు.

అతకడం మొదలుపెట్టాక మేస్త్రి ఎవర్నీ మాట్లాడనివ్వలేదు. ఒక అంగుళం పోస్తాడు. ఎర్రదనం పోకముందే గుండ్రమూతి సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేస్తాడు. చల్లారుతూ ముడుచుకునే లోహాన్ని ఆ దెబ్బలు కొద్దిగా సాగదీస్తాయి. తర్వాత బీడీ. చెయ్యి పెట్టి చూసి, చెయ్యి ఆనించగలిగితేనే రెండో అంగుళం, అదీ మొదటిదాని పక్కన కాదు, దూరంగా మరోచోట. వేడి ఒకేచోట పోగుపడకూడదు. పొద్దున ఏడుకు మొదలుపెడితే, మధ్యలో కరెంటు రెండుసార్లు పోయి, సాయంత్రానికి పదకొండు రాడ్లు అయ్యాయి. కాలిని పొయ్యిబూడిదలో పాతిపెట్టి ఇళ్లకు పోయాం. సంఘం అక్కలు బూడిద ఇంటింటికీ తిరిగి పోగుచేసి తెచ్చారు. మర్నాటి మధ్యాహ్నానికి కూడా లోపల ఇంకా గోరువెచ్చగానే ఉంది.

అతుకును మాత్రమే నమ్ముకోకుండా రెండు వైపులా ఉక్కు పట్టీలు పెట్టి బోల్టులతో బిగించాం. చూడటానికి బాగుండదు. సూత్రప్రకారం చూస్తే అతుకు నిలబడినంతకాలం అవి దండగే. మేస్త్రి మాత్రం వాటిని పెట్టకుండా ఇంటికి పోనన్నాడు. షాఫ్టు వంగిందేమోనని తిప్పుతూ పక్కనే సుద్ద కదలకుండా పట్టుకున్నాం. వంగి ఉంటే సుద్ద ఒక పక్కే అంటుతుంది. చుట్టూ సమంగా అంటింది. రెండు బేరింగుల మధ్య నూలుదారం లాగి కాలి కింద పల్చటి రేకులు దూర్చి మట్టం సరిచేశాం. వీటిలో ఏదీ అద్భుతం కాదు. కానీ సగం మరమ్మతులు ఇక్కడే చెడిపోతాయని నా అనుమానం. అతుకు బాగానే ఉంటుంది, ఓ మిల్లీమీటరు వంకర పోయిన కాలే బేరింగుల్ని తినేస్తుంది.

వేరుశనగకు అలవాటుపడ్డ యంత్రం టోరాను ఒక పట్టాన తీసుకోలేదు. పప్పు మెత్తన. లోపల స్క్రూ తిరుగుతుంది కానీ ముద్ద దానితోపాటే తిరుగుతుంది, ముందుకు జరగదు. ఒకసారి ఆడిన పిండిని కొంత కలిపి పోస్తే పట్టు దొరికింది. మొదట బిగింపు వదులుగా పెట్టి, డీజిల్ ఇంజను చప్పుడు వింటూ రోజుకింత బిగించుకుంటూ వచ్చాం. నాలుగో రోజు నూనె ధారగా పడింది. ఇంజను ఆపాక మేస్త్రి సీసా వైపు చూడలేదు. అతుకు మీద డీజిల్ పూసి, సుద్ద రాసి, గీత పడుతుందేమోనని కూర్చున్నాడు. పడలేదు.

ఆ సీజనంతా ఆడింది. ఈ ఏడాదీ ఆడుతోంది. లోపలి గింజలు కూడా ఇప్పుడు వస్తున్నాయి. జగర్‌గుండా వైపు వెళ్లే 56 కిలోమీటర్ల రోడ్డు మీద ఏళ్ల తరబడి సరుకు కదిలేది కాదు. 2010లో తాడ్‌మెట్ల దగ్గర 76 మంది, 2017లో బుర్కాపాల్ దగ్గర 25 మంది జవాన్లు చనిపోయింది ఆ ప్రాంతంలోనే. రోడ్డు పడ్డాక, తమ పాత చెట్ల కింద ఏరిన టోరాను బస్తాల్లో వేసుకుని వస్తున్నవాళ్లున్నారు. రవాణా కంపెనీ మా నోటీసుకు మరమ్మతు ఖర్చులో కొంత ఇస్తానని రాసింది, ఇంకా ఇవ్వలేదు.

ప్రస్తుతం గొడవంతా పిండి మీద. ఇప్పపిండిలో సాపోనిన్ ఉంటుంది, చేపలకు విషం. శబరి ఒడ్డు కుర్రాళ్లు అందుకే అడుగుతున్నారు. సంఘం పెద్దక్క ససేమిరా ఇవ్వనంటోంది. అది పొలాలకు ఎరువుగా వెళ్లాలని ఆమె పట్టు. ఆడినందుకు కూలీగా పిండిని మిషను దగ్గరే వదిలెయ్యాలా, గింజలు తెచ్చినవాళ్లు పట్టుకుపోయి డబ్బు కట్టాలా అన్నది ఇంకా తేలలేదు. దాని మీద పెట్టిన సమావేశం ఇప్పటికి రెండుసార్లు వాయిదా పడింది, రెండుసార్లూ ఎవరివో గింజలు ఆడుతుండటం వల్లే.